రిమోట్ కొనే ముందు నోటితో ఊదండి

"అన్నా, ఏ ఎలక్ట్రానిక్ కాల్ కొనమంటావు?" ఇక్కడ అమెరికాలో కొయోటీ (తోడేలును పోలిన చిన్న అడవి జంతువు) వేటకు కొత్తగా దిగే మన కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి మాట ఇదే. కాల్ అంటే ఆపదలో ఉన్న కుందేలులాంటి జంతువుల అరుపులు వినిపించి వేటజంతువును దగ్గరికి రప్పించే సాధనం; ఎలక్ట్రానిక్ కాల్‌లో ఆ అరుపులు రిమోట్‌తో నడిచే స్పీకర్‌లోంచి వస్తాయి. ఇప్పుడే ఏదీ వద్దంటాను. నోటితో ఊదే కాల్ ఒకటి కొనుక్కుని ఒక సీజన్ దాంతోనే తిరగమంటాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనివ్వండి.

మెషీన్‌ను తీసిపారేయడం లేదు. దాని అసలు బలం శబ్దంలో కాదు, ఆ శబ్దం వచ్చే చోటులో ఉంది. స్పీకర్‌ను 40, 50 గజాల అవతల పెట్టి రిమోట్ పట్టుకుని కూర్చుంటే కొయోటీ చూపంతా అటే ఉంటుంది. నోటి కాల్‌తో అలా కాదు, అది నేరుగా మన మీదికే వస్తుంది. నా మొదటి చలికాలం కుందేలు అరుపు ఊదుతుంటే గడ్డిలోంచి రెండు చెవులు లేచాయి. కాల్ కిందికి దించబోయాను. చెయ్యి బెత్తెడు కదిలిందో లేదో, అది తోక తిప్పేసింది. మరో ఉదయం ఊపిరి తడికి లోపలి రీడ్ (ఊదితే కంపించి శబ్దమిచ్చే పల్చటి పట్టీ) గడ్డకట్టి ఉత్త గాలే వచ్చింది. అప్పటినుంచి కాల్ చొక్కా లోపలే, ఒంటి వెచ్చదనంలో ఉంటుంది.

అయినా నోటి కాలే ముందు అంటున్నానంటే కారణముంది. రీడ్ బయటికి కనిపించే ఓపెన్ రీడ్ కాల్‌లో పెదవి రీడ్ మీద కాస్త ముందుకో వెనక్కో జరిపితే చాలు, జాక్ రాబిట్ అనే పెద్ద కుందేలు బొంగురు అరుపు కాస్తా చిన్న కుందేలు కీచుగానో, కొయోటీ పిల్ల మూలుగుగానో మారిపోతుంది. వచ్చే జంతువు 200 గజాల దగ్గర ఆగి అనుమానంగా చూస్తోందనుకోండి. గొంతు తగ్గించాలా, మానేయాలా అన్నది దాని వాలకం చూసి తేల్చుకోవాలి. మెషీన్‌తో మొదలుపెట్టినవాళ్లు ఆ క్షణంలో దాన్ని చూడరు, రిమోట్‌లో బటన్ వెతుకుతుంటారు. గాలి సంగతీ అంతే. కొయోటీ చుట్టూ తిరిగి గాలివాలు వైపునుంచి వాసన పట్టాలని చూస్తుంది. కూర్చునే చోటు తప్పితే ఎంత ఖరీదైన స్పీకరైనా దండగే.

చట్టం సంగతి కూడా చూసుకోండి. బాతుల్లాంటి వలస పక్షుల వేటలో రికార్డు చేసిన కూతలు వాడటాన్ని అమెరికా ఫెడరల్ నిబంధనలు నిషేధిస్తాయి. కొన్ని బాతుజాతి పక్షుల విషయంలో మాత్రం ప్రత్యేక సడలింపులున్నాయి. కొయోటీ, నక్క, అడవిపిల్లి జాతి బాబ్‌క్యాట్‌లకు ఏ రాష్ట్రం లెక్క దానిది. పక్క రాష్ట్రంలో చెల్లింది మీ దగ్గర చెల్లకపోవచ్చు.

నా సంచిలోనూ మెషీన్ ఉంది, బాగానే పనిచేస్తుంది. కానీ కొయోటీ పరుగు మీద వస్తున్నప్పుడు గురి కుదరాలంటే దాన్ని ఒక్క క్షణం ఆపాలి. అప్పుడు మెషీన్ ఉన్నవాళ్లు కూడా, నాతో సహా, నోటితోనే "వుఫ్" అని అరుస్తారు.