పీఈ క్రెడిట్ గారికి అష్టోత్తర శత వందనాలు

న్యూయార్క్ రాష్ట్రం,
మంచు ఇంకా కరగని మార్చి నెల.

మహారాజశ్రీ ఫిజికల్ ఎడ్యుకేషన్ క్రెడిట్ గారి దివ్య సముఖమునకు,

స్కూలుకి వెళ్ళకుండా ఇంట్లోనే అమ్మానాన్నల దగ్గర తొమ్మిదో తరగతి చదువుతున్న (ఇక్కడ దీన్ని హోమ్‌స్కూలింగ్ అంటారు) ఒక అమ్మాయి తండ్రి నమస్కరించి రాయునది ఏమనగా. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. ఈ వారం మీకు సమర్పించాల్సిన 90 నిమిషాల వ్యాయామంలో 35 నిమిషాలు తక్కువ పడ్డాయి, అంతకు మించి దిగుల్లేదు.

మీకు గుర్తుందో లేదో, మనది పాత పరిచయమే. తెనాలి పక్కన మా ఊరి హైస్కూల్లో శుక్రవారం ఆఖరి పీరియడు మీది. టైం టేబుల్లో ‘డ్రిల్’ అని రాసి ఉండేది. పీఈటీ సారు మెడలో విజిల్‌తో గుమ్మం దాకా వచ్చేవారు. అప్పటికే లోపల లెక్కల మాస్టారు బోర్డు మీద సగం లెక్క చేసేసి ఉండేవారు. “సిలబస్ అవలేదండీ” అనేవారు ఆయన. “కానివ్వండి, కానివ్వండి” అని ఈయన విజిల్ జేబులో వేసుకుని వెళ్ళిపోయేవారు. ఇంటర్‌కి వెళ్ళాక ఆ గుమ్మం దాకా రావడం కూడా లేదు. నాలుగంతస్తుల బిల్డింగులో కాలేజీ, స్టడీ అవర్‌కి మెట్లెక్కడమే మా వ్యాయామం. మీరు కనబడటం లేదని అడిగినవాడు లేడు. మార్కుల లిస్టులో మీ కోసం ఒక గడి కూడా లేదు.

అలాంటిది ముప్ఫై ఏళ్ళ తర్వాత, సముద్రాలు దాటొచ్చి మరీ నా గుమ్మంలో నిలబడి “నా నిమిషాలు ఏవీ?” అంటే ఎలాగండీ?

ఈ రాష్ట్రంలో ఇంట్లో చదివే పిల్లలకి 9 నుంచి 12 తరగతుల లోపు మీవి, అంటే వ్యాయామానివి, 2 యూనిట్లు పూర్తవ్వాలి. మీ క్రెడిట్‌ని కొలిచేది ఈ యూనిట్లతోనే. ఒక యూనిట్ అంటే 6,480 నిమిషాలు. రూల్లో అలాగే ఉంది, గంటలు కూడా కాదు, నిమిషాలు! బంగారం తూచినట్టు. 60తో భాగిస్తే సరిగ్గా 108 గంటలు వస్తుంది. ఈ మాట చెవిన పడగానే మా అత్తగారు రెండు చేతులూ జోడించారు. “అష్టోత్తరం అన్నమాట! చూశావా, వీళ్ళకీ తెలుసు.” నాకు మాత్రం మన దగ్గర 108 అంటే వచ్చే అంబులెన్సే గుర్తొచ్చింది. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. రథసప్తమి నాడు మనవరాలి చేత 108 సూర్యనమస్కారాలు చేయించారు. పుణ్యం సంగతి నాకు తెలీదు గానీ మీ ఖాతాలో 100 నిమిషాలు పడ్డాయి. మర్నాడు పిల్ల మెట్లు దిగలేకపోయింది. ఆ రోజు మీకు సున్నా.

ఇంతకీ మీరు ఏ ఇంటివారో కనుక్కుందామని వంశవృక్షం తిరగేశాను. 1905లో ఆండ్రూ కార్నెగీ అనే ఉక్కు కుబేరుడు కాలేజీ ప్రొఫెసర్ల పెన్షన్ కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. పెన్షన్ రావాలంటే అది నిజం కాలేజీయేనని తేలాలి. నిజం కాలేజీ అంటే హైస్కూల్లో 14 యూనిట్లు చదివినవాళ్ళనే చేర్చుకునేది. మరి యూనిట్ అంటే? ఏడాదిలో మాస్టారి ముందు కూర్చున్న 120 గంటలు. కార్నెగీ యూనిట్ అలా పుట్టింది. అంటే ముసలి ప్రొఫెసర్ల పెన్షన్ కోసం తయారైన కొలత ఇది. కూర్చున్న గంటలు లెక్కపెట్టడానికి చేసినదాన్ని మీరు గెంతిన గంటలకి పట్టుకొచ్చారు. కిరోసిన్ కొలిచే డబ్బాతో మల్లెపూలు కొలవడం ఇదేనేమో.

కొలత ఎక్కడిదైతేనేం, లెక్క రాయాలి కదా. మూడు నెలలకొకసారి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే మా ప్రాంతం పబ్లిక్ స్కూళ్ళని నడిపే ఆఫీసుకి, రిపోర్ట్ పంపాలి. మా అమ్మ గోడ మీద కాలెండర్లో పాలవాడి లెక్క వేసేది. అర లీటరు, అర లీటరు, రాలేదు, ముప్పావు. ఇప్పుడు మా ఆవిడ అదే రకం తెలుగు కాలెండర్లో, వర్జ్యం పక్కన, రాహుకాలం కింద, మీ నిమిషాలు వేస్తోంది. 30, 25, రాలేదు, 40.

ఆ 40 దగ్గరే మొన్న గొడవైంది. డ్రైవ్‌వేలో మోకాలెత్తు మంచు పడితే అమ్మాయి పార పట్టుకుని 40 నిమిషాలు తోసింది. చెమట పట్టింది, బుగ్గలు ఎర్రబడ్డాయి, గుండె దడదడ కొట్టుకుంది. పీఈ కాదంటారా? “ఇంటి పని చేయించుకుని దానికి క్రెడిట్ ఇస్తావా?” అంది మా ఆవిడ. సరే, మరి ఎండాకాలం ఆదివారాలు మా బ్యాచ్ ఆడే టెన్నిస్ బాల్ క్రికెట్? పిల్లని బౌండరీ దగ్గర నిలబెడతాం. రెండు గంటల్లో బంతి అటు రెండుసార్లు వెళ్తుంది. అందులో ఒకసారి అమ్మాయి ఆకాశంలో విమానం చూస్తూ ఉంటుంది. ఆ 120 నిమిషాలూ మీకు జమ వేస్తే ఎవరూ కాదనలేరు. ఆట కదా! ఆ మాటకొస్తే స్కూళ్ళలో 40 నిమిషాల పీఈ పీరియడ్లో బట్టలు మార్చుకోవడం, హాజరు పిలవడం, బంతి కోసం లైన్లో నిలబడటం కూడా కలిసే ఉంటాయి. అవన్నీ తీసేసి ఒట్టి చెమట మాత్రమే రాసే పిచ్చివాళ్ళం ఇంట్లో చదివించే మేమే. షూ లేసులు కట్టుకునే టైం రాయాలా వద్దా అని రాత్రి పదకొండింటికి మొగుడూ పెళ్ళాం వాదించుకున్న ఇల్లు మాది.

పోనీ పబ్లిక్ స్కూలు జట్టులో ఆడిద్దామా అంటే ఈ రాష్ట్రంలో కుదరదు. ఆ స్కూల్లో చేరిన పిల్లలకే అది. ఫ్లోరిడాలో టిమ్ టీబో అనే కుర్రాడు ఇంట్లో చదువుకుంటూనే పబ్లిక్ హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఆడి స్టార్ అయ్యాడు. మిగతా రాష్ట్రాల్లో అలాంటి అనుమతి కోసం వచ్చే బిల్లులకి ఆయన పేరే పెట్టి పిలుస్తారు. ఇక్కడ స్కూల్ ట్యాక్స్ మాత్రం అణా పైసలతో కడతాం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు.

టెక్సాస్‌లో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేసి ఏడిస్తే నవ్వాడు. “బావా, మాకు రూల్లో ఐదే. చదవడం, స్పెల్లింగు, గ్రామరు, లెక్కలు, పౌరధర్మం. పీఈ ఊసే లేదు.” పక్కనుంచి వాళ్ళావిడ అందుకుంది. “అయినా ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అదే మార్కుల పట్టీలో, ఒక క్రెడిట్ వేశాను అన్నయ్యగారూ, కాలేజీవాళ్ళు చూస్తే ఖాళీగా బాగోదని.” అడగని చోట కూడా మీకు నైవేద్యం పెడుతున్నారు, గమనించగలరు. ఇంకో ముక్క కూడా చెప్పింది. అక్కడి పబ్లిక్ స్కూళ్ళలో మార్చింగ్ బ్యాండ్‌ని పీఈ కింద జమకడతారట.

అక్కడే నాకు ధైర్యం వచ్చింది. బాకా ఊదుతూ నడిస్తే పీఈ అయినప్పుడు, ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి కూచిపూడి తరంగం ఆడితే కాదా? వారానికి మూడు గంటల క్లాసు. మొత్తం మీ హుండీలోనే వేద్దామన్నాను. “అది ఆర్ట్. ఆర్ట్‌కి వేరే ఒక యూనిట్ కావాలి, దానికేం చూపిస్తావు?” అంది మా ఆవిడ. ఒకే గంటని రెండు చోట్లా రాయకూడదు. ఒకే ఇడ్లీని రెండు విస్తళ్ళలో వడ్డించలేం. చివరికి రాజీ కుదిరింది. జతులన్నీ పీఈ, అభినయమంతా ఆర్ట్. కాళ్ళు మీకు, కళ్ళు వాళ్ళకి. డాన్స్ టీచర్ గారికి ఈ ఒప్పందం సంగతి చెప్పలేదు. చెబితే గజ్జెలు విప్పి నా మీదకి విసురుతారు.

గ్రేడు సంగతి ఎత్తితే సిగ్గేస్తుంది. మాస్టారిని నేనే, హెడ్మాస్టరుని నేనే, ట్రాన్‌స్క్రిప్ట్ మీద సంతకం నాదే. సున్నా వేసినా నేనే, ‘ఏ’ వేసినా నేనే. జీవితంలో ఒక్క డ్రిల్ పీరియడు కూడా సరిగ్గా చూడని మనిషి పిల్లకి ‘ఏ’ ఎలా వేస్తాడండీ? మొదటి రిపోర్టులో ‘పాస్’ అని రాసి తప్పించుకున్నాను.

ఇన్ని చేసినా మీ వల్ల మా ఇంట్లో ఒక జబ్బు పట్టుకుంది. అమ్మాయి స్కిప్పింగ్ తాడు తీసే ముందు “నాన్నా, టైమర్ పెట్టావా?” అని అడుగుతోంది. పెట్టలేదంటే తాడు కింద పెట్టేస్తోంది. ఊరికే ఎందుకు గెంతాలి అని దాని ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. లెక్కల మాస్టారు నా పీరియడు తీసుకున్నప్పుడు కూడా నేను ఊరికే కూర్చున్నాను.

ఇట్లు,
తమకు 35 నిమిషాలు బాకీ ఉన్న విధేయుడు.

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగా పక్కింటి పిల్లలు పిలిస్తే అమ్మాయి లైబ్రరీ వెనక దిబ్బ మీద మంచులో జారడానికి వెళ్ళింది. టైమర్ సంగతి దానికీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. చీకటి పడ్డాక సాక్సులు పిండుకుంటూ వచ్చింది. ఎంతసేపు ఆడావని అడిగాను. “తెలీదు. ఇది రాయకు నాన్నా, ఇది ఊరికే” అంది. సరేనన్నాను. మా ఆవిడ కాలెండర్ దగ్గరకెళ్ళి పెన్సిల్‌తో 35 అని వేసింది.