మైకుకు సంతకం పెట్టినవారే జవాబుదారు

రాత్రి పదకొండు దాటాక వీధిలో డీజే మోగుతుంటే పోలీసులకు ఫోన్ చేయాల్సింది ఎవరు? తెల్లారితే ఇంటర్ పరీక్ష రాయాల్సిన పిల్ల తల్లి. గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన పెద్దాయన కొడుకు. మూడున్నరకే లేచి కూరగాయల మార్కెట్‌కు వెళ్లాల్సిన మనిషి. ఫోన్ చేసింది ఫలానా ఇంటివాళ్లని తెలిసిన మరుక్షణం ఆ ఇల్లు వీధికి కానిదైపోతుంది. ‘ఒక్క రాత్రి సర్దుకోలేరా’ అని ఒకరు, ‘మా పండగంటే మీకు గిట్టదా’ అని మరొకరు. ఇదంతా ఎందుకని నూటికి తొంభై మంది కిటికీలు వేసుకుని పడుకుంటారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కనుక ఎవరికీ ఇబ్బంది లేదని అధికారులు లెక్క వేసుకుంటారు. నెల్లూరులో శబ్ద నియమాలు నీరుగారిపోతున్నది సరిగ్గా ఇక్కడేనని మేం భావిస్తున్నాం.

నియమాలకైతే కొదవ లేదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు 2000 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్నాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. వ్యాపార ప్రాంతాల్లో 65, 55. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. బహిరంగ స్థలంలో మైకు పెడితే ఆ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతపు పరిమితి కన్నా 10 డెసిబెళ్లు మించకూడదు, ఎక్కడైనా సరే 75 దాటకూడదు. ప్రైవేటు స్థలమైతే 5 డెసిబెళ్లే వెసులుబాటు. ఈ లెక్కన మాగుంట లేఅవుట్‌లోనో, బాలాజీనగర్‌లోనో ఇళ్ల మధ్య ఉన్న కల్యాణ మండపం ప్రహరీ దగ్గర పగలు 60 డెసిబెళ్లకు మించి వినిపించకూడదు. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే స్థాయి అది. మన మండపాల గోడల దగ్గర నిలబడితే పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినపడదు.

‘లోపల పెట్టుకున్నాం, రాత్రి 10 దాటాక మైకు వద్దన్న నిషేధం నుంచి మాకు మినహాయింపు ఉంది’ అని మండపాల యజమానులు అంటుంటారు. ఆ మినహాయింపు నాలుగు గోడలు, పైకప్పు ఉన్న హాలులో, లోపలివారు వినడానికి మాత్రమే. కుర్చీలు, స్టేజీ, సౌండు బాక్సులు అన్నీ ఆకాశం కింద పరిచే ఓపెన్ లాన్‌కు అది ఎలా వర్తిస్తుంది? తన ఆవరణలో పుట్టిన శబ్దమైనా గోడ దాటి పొరుగువారిని బాధించే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 2005 జూలైలో తేల్చి చెప్పింది. ఆ వ్యాజ్యం వెనుక ఉన్న సంఘటన గుర్తుచేసుకోవాలి. అత్యాచారానికి గురైన 13 ఏళ్ల బాలిక సాయం కోసం వేసిన కేకలు చుట్టుపక్కల మోగుతున్న లౌడ్‌స్పీకర్ల హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ బిడ్డ తర్వాత నిప్పంటించుకుని చనిపోయింది. ‘కాసేపు గోలే కదా’ అనేవారు ఒక్కసారి ఆలోచించాలి.

లౌడ్‌స్పీకర్ పెట్టడానికి ముందుగా రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ఆ కాగితం ఇస్తున్నది అధికారులే. బాధితుడి ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా, బాధ్యతను ఆ కాగితంలోనే రాసిపెట్టాలి. ఎవరి కార్యక్రమం, మండపం ఎవరిది, సౌండు సెట్టు ఎవరిది, సరిహద్దు దగ్గర ఎన్ని డెసిబెళ్లు, ఎన్ని గంటలకు ఆపాలి అన్నవి అందులో ఉండాలి. ఒక ప్రతిని గేటుకు అతికించాలి, మరొకటి వార్డు సచివాలయంలో ఉండాలి. రాత్రి 10 కొట్టగానే స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్ శబ్ద మాపకంతో వెళ్లి చూసి రావాలి. అప్పుడు ఏ ఇల్లాలూ తన పేరు చెప్పి ఫోన్ చేయాల్సిన పని ఉండదు. హైదరాబాద్, చెన్నై సహా ఏడు మహానగరాల్లో కాలుష్య నియంత్రణ మండళ్లు 70 శాశ్వత కేంద్రాలు పెట్టి రాత్రింబవళ్లు శబ్దం కొలుస్తున్నాయి. నెల్లూరుకు ఆ భాగ్యం లేదు. స్టేషనుకొక చేతి మీటరు కొనడం మాత్రం కార్పొరేషన్‌కు గానీ, పోలీసు శాఖకు గానీ మోయలేని భారం కాదు.

ఆసుపత్రుల సంగతి ఇంకా తొందరైనది. దర్గామిట్టలో ప్రభుత్వ పెద్దాసుపత్రి, పొగతోటలో వరసగా నర్సింగ్ హోములు. వీటి ముందు హారన్లు, ఊరేగింపుల డప్పులు, డీజే బండ్లు మామూలే. ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు దానంతటదే నిశ్శబ్ద మండలం అవుతుందని చాలామంది నమ్మకం. 2017లో కేంద్రం చేసిన సవరణ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన చోటే నిశ్శబ్ద మండలం. గేటు పక్కన ‘హారన్ కొట్టరాదు’ అని బోర్డు పెట్టినంత మాత్రాన సరిపోదు. నగరంలో ఏయే వీధులు, ఏ మలుపు నుంచి ఏ మలుపు దాకా ఆ జాబితాలో ఉన్నాయో కలెక్టరు బహిరంగంగా ప్రకటించాలి. లేని వాటిని చేర్చమని ప్రభుత్వానికి రాయాలి.

పగటి గోలను మనం అలవాటు కింద వదిలేశాం. ట్రంకు రోడ్డులో, చిన్నబజారులో దుకాణాలు స్పీకర్లను రోడ్డు వైపు తిప్పి డిస్కౌంట్ల పాట పాడిస్తుంటాయి. తోపుడు బండికీ ఇప్పుడు రికార్డు గొంతే. బండివాడి మీద కేసు పెట్టమని మేం అనం, వాల్యూం తగ్గించమని చెబితే వింటాడు. పెద్ద దుకాణానికి మాత్రం నోటీసు వెళ్లాలి. ఇళ్ల మధ్య అర్ధరాత్రి బోరు బండి పెట్టడం, కాంక్రీటు మిక్సరు తిప్పడం నియమాలకు నేరుగా విరుద్ధం. అనవసరంగా హారన్ మోగించినా, సైలెన్సర్ తప్పించి బండి తోలినా మోటారు వాహనాల చట్టంలో మొదటిసారి రూ.1,000, మళ్లీ చేస్తే రూ.2,000 జరిమానా ఉంది. మద్రాసు బస్టాండు దగ్గర ఒక్క వారం గట్టిగా వేసి చూడమనండి.

దేవుడి పేరు ఎత్తగానే అధికారులు వెనక్కి తగ్గడం మనకు తెలుసు. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని 2000 సంవత్సరంలోనే సుప్రీంకోర్టు అంది. గుడి, మసీదు, చర్చి అన్నిటికీ ఒకే కొలత ఉంటేనే ఆ మాట నిలుస్తుంది. ఒకరి మైకు దించి మరొకరిది చూసీచూడనట్టు వదిలేస్తే శబ్దం తగ్గదు, ఊళ్లో పగ పెరుగుతుంది. పండగ రోజుల్లో రాత్రి 12 దాకా అనుమతించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. స్టేషన్‌లో ఎవరో నోటిమాటగా ఇచ్చేది కాదు. అలాగని మైకే వద్దనలేం. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు గట్టున లక్షల మంది చేరినప్పుడు తప్పిపోయిన బిడ్డ జాడ చెప్పేది ఆ మైకే.

సౌండు సెట్లు నడిపే కుర్రవాళ్ల గురించి కూడా మాట్లాడాలి. అప్పు చేసి బాక్సులు, యాంప్లిఫయర్లు కొనుక్కుని పెళ్లిళ్ల సీజను మీద బతికేవారు వీళ్లు. వివాదం ముదిరితే పోలీసులు స్వాధీనం చేసుకునేది వాళ్ల సామాను. ‘ఇంకా పెంచరా’ అని మీదపడి పెంచించిన పెళ్లిపెద్ద, అడ్వాన్సు తీసుకుని గేటు తెరిచిన మండపం యజమాని ఇంటికి వెళ్లిపోతారు. ఇది న్యాయం కాదు. 2024 ఏప్రిల్ నుంచి పర్యావరణ చట్టం కింద ఉల్లంఘనలకు రూ.10 వేల నుంచి రూ.15 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. దాన్ని కుర్రవాడి మీద కాక, అనుమతి తీసుకున్నవారి మీద, స్థలం ఇచ్చినవారి మీద వేయాలి. పదేపదే నియమం తప్పిన మండపానికి ట్రేడ్ లైసెన్సు పునరుద్ధరణ ఆపే ఆలోచన కార్పొరేషన్ చేయాలి.

వినాయక చవితి పందిళ్లకు దరఖాస్తులు మొదలయ్యేలోగా కలెక్టరు, ఎస్పీ, కార్పొరేషన్ కమిషనరు ఒకచోట కూర్చుని కొత్త అనుమతి పత్రం ఖరారు చేయాలి. మండపాల యజమానులను, ఉత్సవ కమిటీలను, సౌండు సెట్లవారిని పిలిచి దాన్ని చదివి వినిపించి సంతకాలు తీసుకోవాలి.