గేమింగ్ లాప్‌టాప్ కొంటే చాలన్న సలహా నమ్మకండి

గ్రూపుల్లో తెగ తిరుగుతున్న ఒక సలహా మీకూ వచ్చే ఉంటుంది: "ప్రయాణాల్లో వీడియో ఎడిటింగ్, డిజైన్ చేసేవాళ్లు కళ్లు మూసుకుని గేమింగ్ లాప్‌టాప్ కొనండి. గ్రాఫిక్స్ కార్డు పెద్దదైతే చాలు. బ్యాటరీ చాలకపోతే పవర్ బ్యాంక్ ఉంది కదా. స్క్రీన్ మాత్రం 4కె ఉండాలి. ర్యామ్, స్టోరేజీ తర్వాత వేసుకోవచ్చు." వినడానికి తేలిగ్గా ఉంది కాబట్టే అందరూ ముందుకు పంపేస్తున్నారు. దాన్ని నమ్మి చాలా డబ్బు పోసినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

"గ్రాఫిక్స్ కార్డు పెద్దదైతే చాలు"

ముందు పేరు సంగతి చూద్దాం. ఆర్‌టీఎక్స్ 4060 (ఎన్విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు) అని రాసి ఉన్న రెండు లాప్‌టాప్‌లు ఒకేలా పని చేస్తాయనుకోవద్దు. లాప్‌టాప్‌లో ఆ చిప్‌కు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంత కరెంటు ఇవ్వాలో తయారు చేసే కంపెనీ ఇష్టం. డబ్బా మీద పేరు ఒకటే, లోపల బలంలో మాత్రం చాలా తేడా. ఆ వాట్ల సంఖ్య ఎంతో అడిగి తెలుసుకోకుండా కొనకూడదు.

అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. టైమ్‌లైన్ మీద క్లిప్ ఆగి ఆగి నడుస్తోందంటే చాలాసార్లు తప్పు కార్డు బలానిది కాదు. హెచ్.265 అనే పద్ధతిలో కెమెరా వీడియో ఫైలును బాగా కుదించి పెడుతుంది. దాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా విప్పడానికి చిప్‌లో విడిగా ఒక డీకోడర్ ఉంటుంది. మన ఫైలు రకం దానికి చేతకాకపోతే బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఇప్పుడొచ్చే మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటికి 10-బిట్ 4:2:2లో, అంటే రంగుల వివరం ఎక్కువగా నిలిపి ఉంచే రకంలో, తీసే వీలుంది. ఎన్విడియా కార్డుల్లో ఆ రకం ఫైళ్లను విప్పే సదుపాయం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో వచ్చింది. అంతకుముందు అన్నిటికన్నా ఖరీదైన ఆర్‌టీఎక్స్ 4090లో కూడా లేదు. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లలో ఉన్న మామూలు గ్రాఫిక్స్, యాపిల్ ఎం1 చిప్ మాత్రం ఆ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి.

నా మెషీన్‌లో వీటిలో ఏదీ లేదు. మూడు రోజుల షూట్ అయ్యాక హోటల్ గదిలో ఫైళ్లు తెరిస్తే ప్లే నొక్కిన రెండో సెకనుకే బొమ్మ బిగుసుకుపోయింది. టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ప్రాసెసర్ 100 శాతం దగ్గర ఉడికిపోతోంది, నేను అంత డబ్బు పెట్టిన కార్డు గీత మాత్రం కింద నేలకు అంటుకుని కదలడం లేదు. ఆ రాత్రి ఎడిటింగ్ మొదలే కాలేదు, తెల్లవారే దాకా ప్రాక్సీలు (ఎడిటింగ్ సాఫీగా సాగడానికి వాడే తేలికపాటి నకళ్లు) తయారు చేస్తూ కూర్చున్నాను.

పెద్ద కార్డు ఎవరికీ అక్కర్లేదని నేను అనడం లేదు. త్రీడీ చేసేవాళ్లకు, నాయిస్ రిడక్షన్, బరువైన ఎఫెక్టులు వాడేవాళ్లకు అది కావాలి. కానీ కొనేముందు మీ కెమెరాతో తీసిన ఫైళ్లు నాలుగు ఒక మెమరీ కార్డులో వేసుకెళ్లి, ఆ మోడల్ మీద నడిపి చూడండి. పది నిమిషాల పని.

"బ్యాటరీ చాలకపోతే పవర్ బ్యాంక్ ఉంది కదా"

విమానంలో విడిగా అనుమతి అడగకుండా తీసుకెళ్లగలిగే బ్యాటరీ 100 వాట్-అవర్ల (వంద వాట్లు గంటసేపు ఇవ్వగలిగేంత) దాకానే. పెద్ద లాప్‌టాప్‌ల బ్యాటరీలు 99 దగ్గర ఆగిపోయేది అందుకే. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు, అంటే పూర్తయిన వీడియోను ఫైలుగా తయారు చేసేటప్పుడు, మెషీన్ 100 వాట్లు లాగిందనుకుంటే, నిండుగా ఉన్న ఆ బ్యాటరీ గంట కూడా రాదు. పైగా గేమింగ్ లాప్‌టాప్‌లు ప్లగ్ తీయగానే వేగం బాగా తగ్గించుకుంటాయి, కాబట్టి అదే ఎక్స్‌పోర్ట్‌కు ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

పవర్ బ్యాంక్‌కూ అదే హద్దు. 27,000 ఎంఏహెచ్ అంటే దాదాపు 100 వాట్-అవర్లు. 100 నుంచి 160 దాకా అయితే ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి. ఎంతదైనా సరే చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు. పెద్ద గేమింగ్ మోడళ్లకు 240, 330 వాట్ల అడాప్టర్లుంటాయి, ఇటుకంత బరువు. అలాంటి మెషీన్‌కు మామూలు పవర్ బ్యాంక్ తగిలిస్తే, పని నడుస్తుండగానే బ్యాటరీ కిందికి జారుతూ ఉంటుంది. యూఎస్‌బీ-సీతో చార్జ్ అయ్యి, ప్లగ్ తీశాక కూడా అదే వేగం నిలబెట్టుకునే లాప్‌టాప్ అయితే సగం టెన్షన్ తగ్గుతుంది.

"స్క్రీన్ 4కె ఉండాలి"

4కె వీడియో ఎడిట్ చేయడానికి 4కె స్క్రీన్ అక్కర్లేదు. 14 అంగుళాల స్క్రీన్ మీద ఆ తేడా మామూలు దూరం నుంచి కంటికి పెద్దగా ఆనదు, బ్యాటరీ మాత్రం ఇంకాస్త తింటుంది. డిజైన్ చేసేవాళ్లు చూడాల్సింది రంగులు. వివరాల్లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" (రంగుల పరిధికి ఒక కొలత) అని కనిపిస్తే వదిలేయండి. వెబ్‌కు వాడే మామూలు ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లోనే సుమారు మూడో వంతు ఆ స్క్రీన్ చూపించలేదు. అలాంటి స్క్రీన్ మీద ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, మనం సరిచేద్దామని ఇంకొంచెం పెంచుతాం. నేను అలా చేసి పంపిన పోస్టర్‌ను క్లయింట్ ఫోన్‌లో తెరిస్తే ఆ ఎరుపు కళ్లలో గుచ్చుకుంది, మొహాలు కందిపోయినట్టు వచ్చాయి. ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం తప్పనిసరి. వీడియోలో రంగులు దిద్దేవాళ్లకు డీసీఐ-పీ3 (సినిమాకు వాడే, ఇంకా విశాలమైన రంగుల పరిధి) కూడా నిండుగా ఉంటే మంచిది. కిటికీ పక్కన కూర్చుని పని చేసేవాళ్లకు 300 నిట్ల వెలుగు చాలదు.

"ర్యామ్, స్టోరేజీ తర్వాత వేసుకోవచ్చు"

సన్నటి లాప్‌టాప్‌ల్లో చాలావాటికి ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. మ్యాక్‌బుక్‌లలోనూ అంతే. కొన్నరోజు ఎంత ఉందో చివరిదాకా అంతే. 4కె ఎడిటింగ్‌కు, దాంతో పాటు డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా తెరిచి ఉంచేవాళ్లకు నా లెక్కలో 32 జీబీ కావాలి.

స్టోరేజీ విషయంలో సలహా కొంతవరకు నిజమే, బయట ఎస్‌ఎస్‌డీ తగిలించుకోవచ్చు. కానీ లెక్క వేసుకోండి. సెకనుకు 100 మెగాబిట్లతో తీస్తే గంటకు 45 జీబీ. అదే 4కె 30 ఫ్రేముల ప్రోరెస్ 422 హెచ్‌క్యూ (తక్కువగా కుదించే వీడియో రకం) అయితే గంటకు 400 జీబీకి దగ్గరగా. "క్లౌడ్‌లో పెట్టేస్తే పోలా" అని సలహాకు కొందరు ఇంకో వాక్యం కలుపుతున్నారు. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ దొరికిన చోట ఆ 45 జీబీ ఎక్కడానికి పది గంటలు పడుతుంది. నేను ప్రతి సాయంత్రం రెండు ఎస్‌ఎస్‌డీల్లోకి కాపీ చేసి, రెండింటినీ వేర్వేరు బ్యాగుల్లో పెడతాను. ఆ తర్వాతే కెమెరా కార్డు ఫార్మాట్ చేస్తాను.