ఎర్రబడిన గరిటెలు

నెల్లూరు నగరం సముద్రమట్టానికి 20 మీటర్ల ఎత్తు కూడా లేకపోవడం వల్ల మా ఊరివారికి కొండలంటే గౌరవమే తప్ప పరిచయం తక్కువ. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడే రెండో గేరా, మూడో గేరా అని తర్జనభర్జన పడే మా బావగారు, వెలిగొండల నడుమ సీతారామపురం అవతల అడవి అంచున ఒక అతిథిగృహం ఉన్నదని ఎవరో చెప్పగా విని, శని ఆదివారాలు అక్కడ గడపాలని నిశ్చయించారు. అది డిసెంబరు నెల. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే తెరిపిచ్చాయి. కార్తీకమాసం పొడవునా నోరు కట్టుకున్న మా అక్కయ్య, చేపల పులుసు మరునాటికి గాని రుచి కుదరదు కనుక శుక్రవారం రాత్రే మామిడికాయ వేసి కాచి, పెద్ద స్టీలు క్యారియరు నిండా సర్ది డిక్కీలో పెట్టింది.

ఆత్మకూరు వరకు ప్రయాణం చెప్పుకోదగినంత కష్టంగా లేదు కనుక చెప్పడం లేదు. ఉదయగిరి చేరేసరికే మధ్యాహ్నం దాటింది. 3,079 అడుగుల ఎత్తున ఉన్న ఆ దుర్గాన్ని గజపతుల చేతి నుంచి తీసుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి సుమారు ఏడాదిన్నర ముట్టడి అవసరమైందనీ, 1514లో గాని అది లొంగలేదనీ నేను వివరిస్తుంటే, “రాయలవారి దగ్గర ఫోను లేదుగా” అని బావగారు తేల్చివేశారు. ఈలోగా అక్కయ్య, ఉదయగిరికి పేరు తెచ్చిన చెక్క గరిటెలు, చెంచాలు ఒక సంచి నిండా బేరమాడి కొని, పులుసు క్యారియరు కదలకుండా ఆ సంచిని దానికి ఒత్తుగా పెట్టించింది.

అక్కడి నుంచి మా పగ్గాలు ఫోనులోని దారి చూపే అమ్మాయి చేతికి వెళ్ళాయి. ఆమె తారురోడ్డు మీద నుంచి మట్టిబాటలోకి, మట్టిబాట నుంచి చిల్లచెట్ల నడుమ ఉన్న జాడలోకి మమ్మల్ని ఎంతో మర్యాదగా తీసుకువెళ్ళి, సిగ్నలు పోగానే మౌనం వహించింది. ఎదురుగా వచ్చిన గొర్రెల కాపరి కారును ఆపాదమస్తకం చూసి, “ఇంత దూరం ఎట్ట తెచ్చినావు సార్? మా గొర్రెలే ఈడ ఒకదాని ఎనక ఒకటి పోతాయే!” అని మెచ్చుకున్నాడు. తిప్పడానికి చోటు లేనందువల్ల కారును అంత దూరమూ వెనక్కే నడపవలసి వచ్చింది. అక్కయ్య దిగి, కారు వెనుక నిలబడి “రండి, రండి, ఇంకా రండి” అని పిలుస్తుంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత ఆప్యాయమైన పిలుపు ఎన్నడూ వినని బావగారు తడబడి, ఉన్న గుంటలన్నిటిలోనూ చక్రాలను దింపారు. గుంట గుంటకూ డిక్కీలో ఏదో గలగలమన్నది. మేము గరిటెలే అనుకున్నాము.

సీతారామపురం దాటి అడవి మొదలయ్యే చోట చెక్‌పోస్టు వచ్చేసరికి బాగా చీకటి పడింది. వెలిగొండల్లో ఎర్రచందనం పెరుగుతుంది కనుక చీకటిపడ్డాక వచ్చే కారును ఊరికే వదలరు. ఖాకీ దుస్తుల్లో ఉన్న కాపలాదారు టార్చి వేసి, “యాడికి పోతన్నారు? బండిలో కర్ర గాని ఏమన్నా ఉందా?” అని అడిగాడు. బావగారు లేదనేలోపే, అబద్ధమాడే అలవాటు లేని మా అక్కయ్య, “ఉంది బాబూ, ఒక సంచెడు” అని చెప్పింది.

డిక్కీ తెరిపించారు. టార్చి వెలుగులో సంచి అడుగంతా నెత్తురు రంగు. అతడు గంభీరంగా సంచిలో చెయ్యిపెట్టి ఒక గరిటెను పైకి తీశాడు. మొదలు నుంచి కొస వరకు నిగనిగలాడే ఎరుపు. చెక్కబొమ్మలాగా బావగారు బిగుసుకుపోయారు. ఉదయగిరి దుకాణంలో తాను కొన్నవి తెల్లగా ఉన్నాయని అక్కయ్య వాదించడంతో వ్యవహారం మరింత చిక్కుపడింది. కాపలాదారు గరిటెను గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని కొంతసేపు ఆలోచించాడు.

“ఎర్రచందనానికి వాసన ఉండదు సార్. దీనికుండాది” అని తీర్పు చెప్పి, అక్కయ్య వైపు తిరిగి గొంతు తగ్గించి, “కొర్రమీనేనా అమ్మా?” అని అడిగాడు.

చిక్కు అక్కడితో తీరలేదు. మేము అడిగిన అతిథిగృహం కాపలా మనిషి బంధువుల పెళ్ళికి బద్వేలు వెళ్ళాడనీ, తాళంచెవి కూడా ఆయనతోనే వెళ్ళిందనీ అతడే చెప్పాడు. ఇక మిగిలింది ఘటిక సిద్ధేశ్వరం. అక్కడ అవధూత కాశిరెడ్డి నాయన పేరిట జరిగే అన్నదానంలో వేళ కాని వేళ వచ్చినవారికీ విస్తరి పడుతుంది, తలదాచుకోవడానికీ చోటు దొరుకుతుంది. అయితే శివుడి సన్నిధికి కొర్రమీనుతో ఎలా వెళ్ళడం? పారబోయడానికి అక్కయ్యకు మనసొప్పలేదు. “ఈడ పెట్టి పొండమ్మా, నేను చూసుకుంటా” అని కాపలాదారు అభయమిచ్చాడు. ఆ రాత్రి సిద్ధేశ్వరంలో మాకు సాంబారన్నం, మజ్జిగ దొరికాయి. అవి నిజంగా బాగున్నాయి గాని, అక్కయ్య ప్రతి ముద్దకూ చెక్‌పోస్టు ఉన్న దిక్కు చూడటం నేను గమనించాను.

మరునాడు తిరుగు ప్రయాణంలో ఆగితే, కాపలాదారు తళతళలాడేలా తోమిన క్యారియరును రెండు చేతులతో అందించాడు. పులుసు ఏమైందని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. “మామిడికాయ ఇంకో రెండు ముక్కలు పడుంటేనా!” అని మాత్రం తనంతట తానే అన్నాడు. అక్కయ్య కోపాన్ని దిగమింగి, రాత్రి సంచిలో నుంచి తీసిన గరిటె ఏదని అడిగింది.

“దాన్ని ఇంకా పరీక్ష చెయ్యాలమ్మా” అన్నాడు. “మళ్ళీ ఎప్పుడొస్తారు?”