సవరణ: 5జీ వచ్చిందని 4జీ ఫోన్ మార్చక్కర్లేదు

మొన్నటి పోస్టులో 'జియో 5జీకి 4జీ ఆసరా అక్కర్లేదు' అని రాశాను. అది చదివి మన తిరుపతిలో కొందరు, ఇంట్లో పెద్దవాళ్ల 4జీ ఫోన్లు ఇక మూగబోతాయని టెన్షన్ పడుతున్నారు. ఆ మాటకు అర్థం అది కాదు.

జియోది స్టాండలోన్ పద్ధతి, అంటే 5జీ సొంతంగా నిలబడేది. టవరే కాదు, దాని వెనక కాల్స్‌నీ డేటానీ నడిపించే కోర్ నెట్‌వర్క్ కూడా 5జీదే. ఎయిర్‌టెల్ 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టినప్పుడు 5జీ రేడియోని, అంటే టవర్ మీది 5జీ పరికరాల్ని, అప్పటికే ఉన్న 4జీ కోర్‌కే తగిలించింది. తేడా అంతవరకే. ఇద్దరి 4జీ సేవలూ విడిగా నడుస్తూనే ఉన్నాయి. పాత ఫోన్ ఉంచుకోండి, దయచేసి అప్పు చేసి కొత్తది కొనకండి. 5జీ ఫోన్ ఉన్నవాళ్లకైనా చేతిలో ఉన్న 4జీ సిమ్ సరిపోతుంది.

ఎలాగూ కొనాలనుకుంటే, జియో వాడేవాళ్లు ఎన్28, ఎన్78 బ్యాండ్లు (5జీ సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీలు) రెండూ ఫోన్‌లో ఉన్నాయా అని షాపులో అడగండి. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్, దూరం పోతుంది, గోడలు దాటుతుంది. ఎన్78లో వేగం ఎక్కువ, తిరుమలలో జనం కిక్కిరిసినచోట ఎక్కువమందిని మోయగలదు, కానీ దాని సిగ్నల్ అంత దూరం రాదు.