ఫ్రిజ్‌లో కొత్తల్లుడు

నాకు పెళ్లయి 26 ఏళ్లు. ఇన్నేళ్లలో మా అత్త చేత నాకు జరగని మర్యాదంతా పోయిన మే నెలలో, మా ఇంట్లోనే, బొటనవేలు పొడుగున్న ఒక గాజుసీసాకు జరిగింది.

మూడేళ్లు మాత్రలు మింగినా షుగరు దిగిరానని మొండికేసింది. డాక్టరు ఇక లాభం లేదని ఇన్సులిన్ రాసినాడు. మందులషాపు అబ్బాయి రెండు సీసాలు, ఎర్రమూత సిరంజీలు కవర్లో వేస్తా, కూతుర్ని అత్తారింటికి పంపే తల్లి మాదిరి జాగ్రత్తలు చెప్పినాడు.

"సీసా మీద 40 అని ఉంది కదా సార్, ఒక ఎమ్మెల్‌లో 40 యూనిట్లని, దీనికి ఎర్రమూత సిరంజే వాడాల. నారింజ మూతది 100 రకానికి. అది వాడితే డోసు తప్పతాది. సీసాను 2 నుంచి 8 డిగ్రీల్లో పెట్టండి. వేడి తగలకూడదు. అట్లని గడ్డా కట్టకూడదు. ఫ్రిజ్ తలుపులో వద్దు, తెరిచి మూసేటప్పుడల్లా వేడెక్కతాది. వెనక గోడకు ఆనించొద్దు, ఆడ గడ్డకడతాది. మధ్య అరలో, ముందర. వాడేముందు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించాల, గిలక్కొట్టకూడదు."

వేడి పడదు, చలి పడదు, కుదిపితే అలుగుతాడు, కూర్చోబెట్టే చోటు కూడా తేడా రాకూడదు. అచ్చం కొత్తల్లుడే.

"తెరిచినాక బయటే పెట్టొచ్చు సార్, గది మాత్రం 25 డిగ్రీలు దాటకూడదు. 28 రోజులైనాక మిగిలినా పారెయ్యండి. తెరిచిన తేదీ సీసా మీద రాసుకోండి."

మే నెల తిరుపతిలో 25 డిగ్రీల గది ఏటీఎంలో తప్ప నాకు తెలిసి ఇంకెక్కడా లేదు. ఏటీఎంలో కాపురం పెట్టలేం కాబట్టి రెండు సీసాలూ ఫ్రిజ్‌లోకే పోయినాయి. విడిగా పెడితే దొర్లిపోతాయని మా ఆవిడ వాటిని ఒక ప్లాస్టిక్ డబ్బాలో సర్దింది. ఆ డబ్బా సంగతి ఇక్కడే చెప్పుకోవాల. అది ఐస్‌క్రీం డబ్బా. ఐస్‌క్రీం ఎప్పుడో రెండేళ్ల కింద అయిపోయింది. ఆ తర్వాత అందులో చింతపండు, గుండీలు, ఎండుమిరపకాయలు కాపురం చేసిపోయినాయి. మూత మీద మామిడిపండు బొమ్మ మాత్రం చెక్కు చెదరలేదు.

సరిగ్గా అప్పుడే గంగమ్మ జాతర. చాటింపుకు ముందురోజే మా అత్త, మా బామ్మర్ది దిగినారు. చాటింపు పడినాక జాతర అయ్యేదాకా ఊళ్లో ఉన్నోళ్లు పొలిమేర దాటకూడదని పెద్దల మాట. అంటే వారం రోజులు అత్త కదలదు. నేను గంగమ్మను ఏమీ అనడంలేదు, విషయం చెప్తా ఉండా అంతే.

వచ్చిన మర్నాడు అత్త ఫ్రిజ్ తెరిచింది. అంబలి గిన్నె పెట్టడానికి చోటు లేదు. మధ్య అరలో ఐస్‌క్రీం డబ్బా కనబడింది.

"ఈ కాలం పిల్లోళ్లకు తెలివే లేదు. ఐస్‌క్రీం కింద పెట్టినారు, కరిగిపోదా?" అనుకుని డబ్బాను పైనున్న ఫ్రీజర్లోకి తోసేసింది. ఆమె లెక్కలో అది సాయం.

తెల్లారి ఇంజక్షన్ వేళకు చూస్తే అల్లుడుగారు డబ్బాతో సహా మాయం. ఇల్లంతా వెతికినాం. చివరికి ఫ్రీజర్లో, కోడిమాంసం పొట్లానికి ఆనుకుని, రెండు సీసాలూ తెల్లగా బిగుసుకుపోయి కనిపించినాయి. టొరంటో నగరంలో 1922 జనవరిలో 14 ఏళ్ల పిల్లాడికి మొట్టమొదటిసారి ఇన్సులిన్ ఇచ్చినారని చదివినాను. ఆ చలిదేశంలో వాళ్లు మందును ఎట్లా కాపాడుకున్నారో గానీ, మేం 41 డిగ్రీల ఎండలో గడ్డకట్టించి చూపించినాం.

ఇంట్లో పంచాయితీ మొదలైంది.

"వేడినీళ్లలో ముంచు బావా, నిమిషంలో కరుగుతాది," అన్నాడు బామ్మర్ది. జాతరలో మొక్కుగా వేసే బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లగా పూసుకుని ఉన్నాడు, వాడూ ఫ్రీజర్లోంచే వచ్చినట్టు.

"మిద్దె మీద ఎండలో పెట్టు నాయనా," అంది అత్త. "మంచు కరిగితే నీళ్లే కదా. మందు యాడికి పోతాది?"

పొద్దున టిఫిను ముందు వేసుకోవాల్సిన మందు. మందు పడందే టిఫిను లేదు. అవతల అంబలి, ఉల్లిపాయ వాసన. ఆ ఆకలితో అత్తను వెంటబెట్టుకుని షాపుకు పోయినాను, ఆమె చెవిన పడాలనే.

"రెండూ పారెయ్యండి సార్," అన్నాడు అబ్బాయి. "కరిగినాక చూడ్డానికి బాగానే ఉన్నా వాడకూడదు."

"ఏం నాయనా, నీళ్లే కదా?"

"పాలు విరిగినాక మళ్లీ పాలు అవుతాయా అవ్వా?"

అత్త నోరు మూతపడడం నేను చూడడం అదే మొదలు. అబ్బాయి వదల్లేదు. ఇన్సులిన్ అంటే 51 పూసల దండట. రెండు పేటలు, ఒకదాంట్లో 21, ఇంకోదాంట్లో 30. ఒక పద్ధతిగా ముడుచుకుని ఉంటేనే పని చేస్తాదట, గడ్డకడితే ఆ పద్ధతి చెడతాదట. అత్తకు దండ అనగానే అర్థమైంది. ఆమె రెండు పేటల గొలుసు మా బామ్మర్ది చిన్నప్పుడు తెంపినాడు.

కొత్త సీసాతో ఇంటికొచ్చి, వేసుకుని, అంబలి తాగినాను. వాడిన సూదిని మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి బిరడా బిగించినాను, బైరాగి కాలికి గుచ్చుకోకుండా.

మధ్యాహ్నం కరెంటు పోయింది. జాతరకొచ్చిన చుట్టాలు నీళ్లకోసమని ఫ్రిజ్ తలుపు తీస్తానే ఉన్నారు. ఇక అత్త రంగంలోకి దిగింది. పెద్దకుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్నకుండ దించి, ఇసుక తడిపి, సీసాను కవర్లో చుట్టి లోపల కూర్చోబెట్టింది. పైన తడిగుడ్డ. నీళ్లు ఆవిరయ్యేకొద్దీ లోపల చల్లబడతాది, ఊళ్లో తమలపాకులు అట్లే దాచేవాళ్లంట. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు గానీ, తెరిచిన సీసాకు ఆ పూట గడిచిపోతాది. అంతటితో ఆగుంటే సరిపోయేది. కుండకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మెడకు వేపాకు కట్టింది, ఎవరూ ముట్టుకోకుండా.

సాయంత్రం పక్కింటామె వచ్చి కుండకు దణ్ణం పెట్టి, ఒక నిమ్మకాయ పెట్టిపోయింది. ఆమెను చూసి ఇంకో ఇద్దరు. చీకటి పడేలోపు ఏడు నిమ్మకాయలు, 21 రూపాయలు. లోపల ఉండేది షుగరు మందని చెప్పే ధైర్యం నాకు లేదు.

రాత్రి కరెంటొచ్చినా అత్త ఫ్రిజ్‌ను నమ్మలేదు. గాలి తగిలితేనే కుండ చల్లబడతాదని హాల్లో ఫ్యాను కింద పెట్టించింది. నేను చాప తీసుకుని మిద్దె మీదకు పోయినా. నడిరేయి మంచినీళ్లకు దిగి వస్తా ఉంటే, చీకట్లో అత్త గుడ్డ మీద నీళ్లు చల్లుతా మా ఆవిడతో అంటా ఉంది:

"అల్లుడికి ఉక్కగా ఉంటాదేమోనే."

కళ్లు చెమర్చినాయి. "నాకేం పర్వాలేదత్తా," అన్నాను.

"నిన్ను కాదు నాయనా," అంది.