చెరువు కనిపిస్తోంది, దేశం ప్రమాదంలో ఉంది

2011 మే నెలాఖరున నెత్తిన కెమెరా పెట్టుకుని దారుల బొమ్మలు తీసే గూగుల్ స్ట్రీట్ వ్యూ కారు బెంగళూరు వీధుల్లోకి దిగింది. నెల తిరక్కుండానే పోలీసులు దేశభద్రత పేరు చెప్పి ఆపించేశారు. అప్పట్లో నేనూ నవ్వాను. ఇప్పుడు చెంపలేసుకుంటున్నాను. 2022లో మళ్లీ ఆ బొమ్మలు వచ్చేదాకా, పదకొండేళ్ల పాటు ఏ శత్రువుకీ మారతహళ్లి సందుల్లో పీజీ హాస్టల్ దారి దొరకలేదు. (మాకూ దొరకలేదనుకోండి, అది వేరే సంగతి.)

మ్యాపుల వల్ల లాభం లేదనను. సిల్క్ బోర్డు కూడలి దగ్గర మ్యాపులో రోడ్డు ఎర్రగా కనబడుతుందంటే, అక్కడ ఇరుక్కున్న ఫోన్లే తమ నత్తనడకను పైకి నివేదించుకోవడం వల్ల. తాను మునిగాడు కాబట్టి పక్కవాణ్ణి రావద్దనే ఇంతటి పరోపకారం మనవాళ్లలో మరెక్కడా చూడం. కాకపోతే ఒంగోల్లో మా అమ్మ కూడా మ్యాపులో నేనెక్కడున్నానో చూపే చుక్కను కాపలా కాస్తుంటుంది. పరుగుల లెక్క రాసే స్ట్రావా యాప్ పటంలో సైనికులు పరుగులు పెట్టిన దారులు వెలిగి స్థావరాల గుట్టు బయటపడిందని 2018లో ప్రపంచం గగ్గోలు పెట్టింది. మా ఇంట్లో అంత గోల లేదు. "ఒరే, జిమ్ము అంటివి, గంట నుంచి బిర్యానీ హోటల్లో ఉన్నావేందిరా?" అంతే.

ఉపగ్రహ చిత్రాలు చూపే గూగుల్ ఎర్త్ వచ్చిన 2005లోనే అబ్దుల్ కలాం గారు హైదరాబాదులో పోలీసు అధికారుల ముందు దాని మీద ఆందోళన వెలిబుచ్చారు. ఉగ్రవాదుల గురించి ఆలోచించారు గానీ, రిటైరైన మండల సర్వేయరు ఆయనకూ తట్టలేదు.

నాకో సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి నంద్యాల వైపు మనిషి. గొలుసు లాగి, పొలాల కొలతలుండే ఎఫ్ఎంబీ పరిచి, గట్టు తగాదాలు తీరుస్తూ తల నెరిసింది. సర్జాపూర్ రోడ్డులో నా 'లేక్ వ్యూ' ఫ్లాటు సంగతి బయోడేటాలో మొదటి వరుసలోనే రాశాం. పెద్దాయన జీతం అడగలేదు, గోత్రం అడగలేదు. లొకేషన్ పెట్టమన్నారు.

గడ్డి తిని పెట్టాను.

గూగుల్ ఎర్త్‌లో ఏళ్లు వెనక్కి జరుపుకుంటూ పాత ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చట. కొన్నవాడికి తెలీదు, ఆయనకు తెలుసు. ఆ రాత్రే ఫోను.

"నాయనా, మీ క్లబ్ హౌసు అలుగు మీద కట్టినారా?"

"అలుగంటే ఏంటండీ?"

"చెరువు నిండితే నీళ్లు పొర్లే తావు. మీ కారు పార్కింగు కట్ట మీదుంది. తక్కింది లోపలే."

"లేక్ వ్యూ అన్నారండీ కొన్నప్పుడు."

"అబద్ధం చెప్పలేదులే నాయనా. చెరువులో నిలబడి చూస్తే చెరువే కనపడుతుంది."

ఇలాంటి చొరబాట్లను ఊహించే కాబోలు, 2016లో కేంద్రం ఓ ముసాయిదా బిల్లు తెచ్చింది. అనుమతి లేకుండా ఇలాంటి భౌగోళిక సమాచారం సేకరిస్తే 100 కోట్ల దాకా జరిమానా, 7 ఏళ్ల దాకా జైలు. జనం గొడవ చేశారు, బిల్లు అటకెక్కింది. 2021 ఫిబ్రవరిలో, అప్పటిదాకా ఉన్న ఆంక్షలు కూడా సడలించారు. ఆ బిల్లు చట్టమై ఉంటే ఈపాటికి పెద్దాయన లోపలుండేవారు, నేను ఓ ఇంటివాణ్ణయ్యేవాణ్ణి.

పోయిన ఆదివారం మా అపార్టుమెంటు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది: దేశభద్రత దృష్ట్యా పాత ఉపగ్రహ చిత్రాలన్నీ తక్షణం తొలగించాలి. కొత్తవి ఉండొచ్చు, వాటిలో స్విమ్మింగ్ పూల్ బాగా పడింది. సంతకాల బల్ల మొదట బేస్‌మెంట్‌లో వేశాం. రాత్రి వానకు అక్కడ మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. బల్ల రెండో అంతస్తుకు మార్చాం, సభ్యులు గమనించగలరు.